చందమామ కథలలో నేది మేలు?

పదేండ్ల ప్రాయమున చదివిన కథను గూర్చి నలువది, ఏబది యేండ్లు నిండిన పెద్దలు పట్టుదలతో వాదులాడుట చూచువారికి వింతగా తోచును. ఐనను మన సీమయందు, పులివెందుల మొదలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల వఱకు, చదువుకొన్నవారు నలుగురు కూడినచోట ‘చందమామ’ ప్రసంగము వచ్చినచో నిట్టి వాదము తప్పదు. ఒకరు ‘రాకాసిలోయ’ను మించిన కథ లేదందురు. ఒకరు బేతాళకథలే ఆ పత్రికకు ప్రాణమందురు. వేఱొకరు చిత్రగారి బొమ్మలు లేనిచో నా కథల నెవరు చదివెడివారని యడుగుదురు. ఈ వాదమిపుడు మన విద్యార్థులలోనికిని వచ్చినది. కావున దీనిని గూర్చి మా యభిప్రాయమును ఈ సంచికలో తెలుపదలచితిమి.

విద్యార్థులలోనికి వచ్చిన విధమిది. వేంపల్లె మండలమునందలి ఇడుపులపాయలో 2008వ సంవత్సరమున నేర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణమును మీరెఱుగుదురు. పదవ తరగతి ముగిసిన పల్లెల బాలబాలికలు అచ్చట చేరి ఆఱు సంవత్సరములు చదువుదురు. మన పూర్వవిద్యార్థులును అందు కలరు. సెలవులకు ఇండ్లకు వచ్చినపుడు వారు పాశ్చాత్య వీరుల బొమ్మకథలను గూర్చి మాటలాడుకొనుట తఱచుగా వినుచున్నాము. వారి వాదమునకు కేంద్రము ‘వాచ్‌మెన్’ అను గ్రంథము. ఆలన్ మూర్ వ్రాయగా, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేయగా, అది 1986, 1987 సంవత్సరములలో పండ్రెండు సంచికలుగా వెలువడినది. 1923 నుండి వచ్చిన ఆంగ్లనవలలలో మేలైన నూఱింటిని ‘టైమ్’ పత్రిక 2005లో ఎంచినపుడు ఈ బొమ్మకథకును అందు స్థానము లభించినది. వీరకథలలో నిదియే మకుటమని కొందఱు బాలురందురు. వీరులను నమ్మరానివారినిగా చూపు కథ వీరకథ యెట్లగునని మఱికొందఱందురు. ఈ మాటలు విన్న పెద్దలు, “మా శిథిలాలయము ముందర మీ పుస్తకమెంత?” అనిరి. అంతట వాదము ముదిరినది.

ఇది పొద్దుపోక చేయు ప్రసంగమని తీసివేయువారు కలరు. మాకట్లు తోచదు. ఏలయన, మనుష్యుడు మంచిచెడ్డల నెంచుటను మొదట నేర్చుకొనునది తాను ప్రేమించిన వస్తువుల విషయముననే. పాఠ్యపుస్తకమును గూర్చి బాలుడు తన స్వంత తీర్పు చెప్పడు. ఉపాధ్యాయుడు చెప్పినదే వ్రాయును. తనకు నచ్చిన కథను గూర్చి మాత్రము ఎదుటివానితో పోట్లాడును. ఆ పోట్లాటను సరియైన త్రోవను పెట్టినచో, అదియే విమర్శకు ఓనమాలగును. మఱియొక కారణము కూడ కలదు. పలు పాఠశాలల గ్రంథాలయములలో పాత చందమామ సంపుటములు చెదలకు ఆహారమగుచున్నవి. స్థలము చాలదు గనుక వానిని తూకమునకు అమ్మివేయుట మేలని చెప్పువారును లేకపోలేదు. వాని విలువ యెంతో తేల్చుకొనకుండ వానిని ఉంచుటయు, తీసివేయుటయు తగదు. కావుననే ఈ విచారణ.

మొదట పత్రికను గూర్చి నాలుగు మాటలు. చందమామ 1947 జూలైలో మదరాసున తెలుగునను, ‘అంబులిమామ’ అను పేర తమిళమునను ఒక్కమారే పుట్టినది. స్థాపకులలో నొకరగు శ్రీ బి. నాగిరెడ్డిగారు 1912లో మన కడప జిల్లా పొట్టిపాడున జన్మించినవారు. రెండవవారు తెనాలి ప్రాంతపు శ్రీ చక్రపాణిగారు. వీరిరువురే 1951లో ‘పాతాళభైరవి’ చిత్రమును తీసిరి. 1952 నుండి 1980లో మరణించు వఱకు శ్రీ కొడవటిగంటి కుటుంబరావుగారు సంపాదక భారమును వహించిరి; కాని పత్రికపై వారి పేరు సంపాదకులుగా నుండెడిది కాదు. 1952లోనే చేరిన శ్రీ దాసరి సుబ్రహ్మణ్యంగారు ఐదు దశాబ్దములకు పైగా అచ్చట పనిచేసిరి. 1954లో ‘తోకచుక్క’తో మొదలిడి, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ మున్నగు ధారావాహికలు వారి కలమునుండి వెలువడినవి. ఆ కథలపై రచయిత పేరు లేకుండుటచే, వానిని ప్రాణముగా చదివిన బాలురకు వ్రాసినవారెవరో పెద్దవారగు వఱకు తెలియనే లేదు.

ఇక చందమామను మెచ్చువారిలోని పక్షములను విచారింతము.

మొదటి పక్షము ధారావాహికలదే. ఈ పక్షమువారు చూపు ప్రబలమైన సాక్ష్యమొకటి కలదు. శ్రీ చక్రపాణిగారికి ఈ మాంత్రికుల కథలపై మక్కువ లేదని చెప్పుదురు. ‘యక్షపర్వతం’ ముగిసిన పిమ్మట వాని స్థానమున బంకించంద్రుని ‘దుర్గేశనందిని’, తరువాత ‘నవాబునందిని’ ప్రచురింపబడినవి. బంకించంద్రుడు సామాన్యుడా? ఐనను బాలురు తృప్తి చెందలేదు. పిదప ‘మాయాసరోవరం’తో సుబ్రహ్మణ్యంగారే మరల రావలసివచ్చెను. పెద్దలు గొప్పదని యెంచి పెట్టిన భోజనమును పిల్లలు ముట్టకపోవుట మన యిండ్లలోను చూచునదే.

కాని పిల్లలు మెచ్చినంత మాత్రమున కథ మేలైనదని చెప్పవచ్చునా? చెప్పరాదు. కావున ఆ కథల లోపలికి పోయి చూడవలెను. 1938లో అమెరికాలో పుట్టిన సూపర్‌మేన్ మొదలుగా పాశ్చాత్య వీరులలో పెక్కుమందికి బలము పైనుండి వచ్చినది. ఒకడు వేఱు గోళమునుండి వచ్చినవాడు; 1962లో పుట్టిన స్పైడర్‌మేన్ సాలీడు కాటుచే శక్తిని పొందినవాడు. సుబ్రహ్మణ్యంగారి కథలలో ఏర్పాటు దీనికి తలక్రిందు. అద్భుతశక్తులు తఱచుగా మాంత్రికునివి, రాక్షసునివి. వీరుడు మాత్రము మనవంటివాడే. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికునికి ఎదురు నిలిచినవాడు తోటమాలి కొడుకు గదా, ఈ ధారావాహికలలోని యువకులును ఆ కోవకే చెందుదురు. శిఖిముఖి, విక్రమకేసరి, ధూమకుడు, సోమకుడు, ఖడ్గవర్మ, జీవదత్తుడు, ఇట్లు తఱచుగా ఇద్దఱు స్నేహితులు కలిసి బయలుదేరుదురు. ఒకని తొందరపాటును మఱియొకడు ఆపును. ఒకని నిరాశను మఱియొకడు తీర్చును. వారు గెలుచుట సాహసముచేతను, సమయస్ఫూర్తిచేతను, త్రోవలో దొరికిన మిత్రుల సాయముచేతను. శక్తి గలవానిని శక్తి లేనివాడు బుద్ధిచే గెలుచుటను చూపు కథ, వానలేని సీమలో పుట్టి, బస్సు లేని పల్లెనుండి నడచి బడికి వచ్చు బాలునకు ఎంతటి ధైర్యమిచ్చునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇడుపులపాయ బాలురు మెచ్చు ‘వాచ్‌మెన్’ కూడ మఱియొక మార్గమున ఇదే ప్రశ్నను తాకుచున్నది. అందలి ముసుగువీరులలో మానవాతీతశక్తి నిజముగా గలవాడు డాక్టర్ మన్హటన్ ఒక్కడే. తక్కినవారు మనుష్యులే, తమను నియమించినవారు లేకున్నను లోకమును కావబూనినవారు. అట్టివారి చేతికి అధికారమిచ్చినచో నేమగునని ఆ కథ యడుగుచున్నది. ప్రశ్న గొప్పది. కాని అందలి హింసయు, నిస్పృహయు పసివారికి తగినవి కావు. పదునెనిమిదేండ్లవాడు చదువదగిన దానిని పదేండ్లవాడు చదివినదానితో పోల్చి, ఇది హెచ్చు, అది తక్కువ యనుట వేపచెట్టును వరిపైరుతో పోల్చుట వంటిది. ఈ విషయమున పెద్దలు, బాలురు ఇరువురును త్రోవ తప్పిరనియే చెప్పవలెను.

రెండవ పక్షము కుటుంబరావుగారిది. కథ యెవరు పంపినను, దానిని తిరుగవ్రాసి, చందమామ భాషలోనికి తెచ్చినది వారేయని వీరి వాదము. ఇది సత్యము. వారి చేతిలో రామాయణ భారతములును, పరదేశపు కథలును పొట్టి వాక్యములలో, ఇంటిలో అవ్వ చెప్పినట్లు సాగినవి. నాలుగవ తరగతి బాలుడు ఒకరి సాయములేక చదివి అర్థము చేసికొనగలుగుట ఆ భాషకు తగిన పరీక్ష. మేమీ వ్యాసమును వ్రాయుచున్న భాష ఆ పరీక్షలో నెగ్గదని మేమెఱుగుదుము. విచిత్రమేమనగా, కుటుంబరావుగారు మార్క్సిస్టు భావములు గల హేతువాది. ఐనను దయ్యములు, భూతములు, వరములు, శాపములు గల కథలను ముప్పది యేండ్లకు కొంచెము తక్కువగా బాలురకు అందించిరి. కథను కథగా చదివిన బాలుడు దానిని నిజమని నమ్మడని వారికి విశ్వాసముండవలెను. మా తరగతి గదులలో మేము చూచినదియు నదే. మాంత్రికుని కథ చదివిన పిల్లవాడు తాయెత్తు కట్టించుకొనుటకు పోడు. ఇంటిలోని పెద్దలు పోయినచో వాడును వారివెంట పోవును.

మూడవ పక్షము చిత్రకారులది. ఇందును రెండు శాఖలు. చిత్ర యను పేర ప్రసిద్ధులైన టి. వి. రాఘవన్‌గారు ఏ కళాశాలలోను బొమ్మలు వేయుట నేర్చినవారు కారు. 1924లో పుట్టి 2020లో గతించిన శంకర్‌గారు మదరాసు కళాశాలలో శిక్షణ పొందినవారు. బేతాళకథలకు వారు వేసిన బొమ్మ, శవమును భుజమున వేసికొని కత్తి చేతబట్టి నడచు విక్రమార్కుడు, చూడని తెలుగువాడు అరుదు. ధారావాహికలకు చిత్రగారు వేసిన మొసళ్లు, పక్షిరాక్షసులు, పాడుపడిన కోటలు చూచి, కథను చదువక మునుపే బాలుడు జడిసెడివాడు. ముఖపత్రములపై వడ్డాది పాపయ్యగారి రంగుల సొబగు వేఱు. ఇందెవరు మిన్నయని తేల్చుట మాకు సాధ్యము కాదు, అవసరమును లేదు. కాని ఒక మాట చెప్పవచ్చును. ఆ బొమ్మ కథను మ్రింగివేయలేదు. ప్రతి పుటలోను అక్షరమునకు సగము మించిన చోటుండెడిది. బొమ్మచే ఆకర్షింపబడి వచ్చిన బాలుడు అక్షరము చదువక తప్పెడిది కాదు. నేటి చరవాణిపై కదలు బొమ్మలకును దీనికిని గల భేదమిదియే.

నాలుగవ పక్షము బేతాళకథలది. మూలమున ఇవి ఇరువదియైదు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీర కవి సోమదేవుడు తన కథాసరిత్సాగరమున చేర్చినవి. అవి ముగిసిన పిమ్మట చందమామవారు అదే చట్రములో క్రొత్త కథలను వందలకొలది అల్లించిరి. ప్రతి కథకును చివర నొక చిక్కు ప్రశ్న. విక్రమార్కుడు సమాధానము తెలిసియు చెప్పకున్నచో తల వ్రక్కలగును. చెప్పినచో మౌనభంగమై శవము చేజాఱును. ‘అవును’, ‘కాదు’ అనినచో చాలదు, కారణము చెప్పవలెను. ఏ తర్కశాస్త్ర గ్రంథమును ఇంత సులభముగా బాలునకు న్యాయవిచారణను నేర్పలేదు.

ఐదవ పక్షము మెచ్చనివారిది. వారి మాటను త్రోసివేయరాదు. ఇట్టి కథలు మనస్సును చెఱచునని వారందురు. సుబ్రహ్మణ్యంగారి తోకచుక్క మొదలైన ఆ 1954వ సంవత్సరముననే, అమెరికాలో ఫ్రెడరిక్ వెర్థమ్ అను మనోవైద్యుడు బొమ్మకథలు బాలురను నేరములకు పురికొల్పునని ఒక గ్రంథము ప్రకటించెను. ఆ దేశపు సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. జడిసిన ప్రకాశకులు తమకు తామే కఠిన నిబంధనల నేర్పఱచుకొనిరి. చాల కాలమునకు, 2012లో, కెరోల్ టిల్లీ అను విదుషి ఆ వైద్యుని కాగితములను శోధించి, ఆయన బాలుర సాక్ష్యములను తన వాదమునకు అనుకూలముగా మార్చెనని తేల్చెను. పుస్తకమును దండించువాడు కూడ సాక్ష్యమును చెడగొట్టరాదని దీనివలన తెలియుచున్నది.

ఐనను ఈ పక్షమువారి ఆక్షేపణలలో రెండు మాకు సత్యమని తోచుచున్నవి. మొదటిది: ఈ సాహసకథలలో బయలుదేరువారు దాదాపుగా అందఱు యువకులే. రాకుమార్తెను ఎవరో ఎత్తుకొనిపోవుదురు, ఎవరో విడిపింతురు. మన తరగతులలో ముందువరుసను కూర్చుండి, మార్కులలో బాలురను మించుచున్న బాలికలు ఈ కథలను చదివి, “మేమెప్పుడు బయలుదేరుదుము?” అని యడిగినచో మనకు సమాధానము లేదు. రెండవది: అడవిలో నివసించు జాతులవారు పెక్కు కథలలో నరబలులిచ్చు మూఢులుగా కానవత్తురు. మన పాఠశాలలలో సుగాలి తండాలనుండియు, యానాదుల గుడిసెలనుండియు వచ్చిన పిల్లలు కలరు. ఆ పుటను బిగ్గరగా చదివించునపుడు ఆ పిల్లల ముఖములను ఉపాధ్యాయుడు చూడవలెను. అయితే న్యాయముగా మఱియొక మాటయు చెప్పవలెను. ‘శిథిలాలయం’లోని శిఖిముఖి శబరయువకుడు, క్షత్రియ యువకుడైన విక్రమకేసరికి సమానుడైన మిత్రుడు. 1960ల నాటి బాలల కథలలో ఇది చిన్న విషయము కాదు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి తరగతిలో చర్చించినచో, కథవలన కలుగు కీడు తగ్గి మేలు హెచ్చును. దాచివేయుటచే ఆ మేలు కలుగదు.

ఇన్ని చెప్పి, ఏది మేలో చెప్పక తప్పించుకొనుట బేతాళునియెదుట మౌనము వహించుట యగును. కావున మా తీర్పు చెప్పుచున్నాము. బుద్ధికి పదును పెట్టుటలో బేతాళకథలు మొదటివి. భాష నేర్పుటలో కుటుంబరావుగారు తిరుగవ్రాసిన కథలు మొదటివి. కాని చదువను ఆకలిని పుట్టించుటలో దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలే మొదటివి. మాకు ఆ ఆకలియే అన్నింటికంటె ముఖ్యము. ‘ఇంకను ఉన్నది’ అని ముగిసిన అధ్యాయమును చదివిన బాలుడు నెల దినములు కాచుకొని, తపాలావాని త్రోవ చూచి, రెండవ అధ్యాయమును తానే చదువుకొనెను. ఎవరును వానిని బలవంతపెట్టలేదు. ఆకలి పుట్టినవానికి తక్కిన భోజనమును మనము పెట్టవచ్చును. ఆకలి లేనివానికి ఎన్ని వంటకములు చేసినను వ్యర్థము.

వాదించు పెద్దలకు మా విన్నపమొకటి. మీరు తీర్పు చెప్పుచున్నది కథను గూర్చియా, కథ చదివిననాటి మీ బాల్యమును గూర్చియా? నాటి అరుగు, నాటి లాంతరు, నాటి స్నేహితులు కథకు అంటుకొనియున్నవి. వానిని వేఱుపఱచి చూచుటకు ఉపాయము సులభమే. ఇటీవలి సంవత్సరములలో ఆ ధారావాహికలు పుస్తకములుగా మరల అచ్చుపడినవి. ఒకదానిని తెచ్చి, చందమామ పేరైన వినని పదేండ్ల పిల్లకు ఇచ్చి చూడుడు. మూడవ అధ్యాయము దాటినచో కథ గెలిచినది. దాటనిచో ఆమెను నిందింపక, ఎచ్చట ఆగెనో, ఏల ఆగెనో అడిగి తెలిసికొనుడు.

బాలురకును ఒక మాట. మీరు చదువని దానిని తక్కువ చేయకుడు. ‘వాచ్‌మెన్’ మెచ్చువాడు ‘శిథిలాలయం’ చదివిన పిమ్మటనే దానిని గూర్చి మాటలాడవలెను, అట్లే పెద్దలును. ‘బాగున్నది’, ‘బాగులేదు’ అను మాటలకు బదులు, ఏ సంఘటన, ఏ బొమ్మ, ఏ మాట మీకట్లు తోపించెనో చూపుడు. ఎదుటివాని పక్షమున నున్న మంచి కారణము నొకదానిని మొదట చెప్పి, పిమ్మట మీ కారణము చెప్పుడు. ఇట్లు చేసినచో వాదము స్నేహమును చెఱుపదు.

చందమామ నేడు లేదు. 1998లో ఆగి, 1999లో మరల లేచి, 2007లో ఇతర సంస్థ చేతికి పోయి, 2013 నాటికి అచ్చు నిలిచినది. దానిని గూర్చి వాదించువారు వేలకొలది యుండగా, దానికి చందా కట్టినవారు ఎందఱు మిగిలిరో ఆలోచింపదగినది. నేడు తెలుగున బాలల కొఱకు వచ్చుచున్న కొలది పత్రికలకును ఇట్టి గతి పట్టకుండవలెనన్న, పొగడుటతో బాటు కొనుటయు, కొనుటతో బాటు పిల్లల చేతికిచ్చుటయు అవసరము.

కావున పాత సంపుటములను తూకమునకు వేయుటకు మేము సమ్మతింపము. చినిగినవానిని కుట్టించి, చెదలు తిన్నవానిని వేఱుచేసి, చదువదగినవానిని బీరువాలో గాక బల్లపై నుంచవలెను. శనివారము చివరి గంటలో ఆఱవ, ఏడవ తరగతులవారికి వానిని విడిచిపెట్టవలెను. పై తరగతులవారు బేతాళుని ప్రశ్నవలె ఒక ప్రశ్నను తీసికొని, రెండు పక్షములుగా విడివడి, తెలుగున వాదింపవలెను. మొదటి ప్రశ్నను మేమే యిచ్చుచున్నాము: శక్తి గల వీరుడు గొప్పవాడా, శక్తి లేకయే నిలిచిన వీరుడు గొప్పవాడా? ఈ వాదమున చక్కని కారణములు చెప్పినవారి వ్యాసములను, వారు బాలికలైనను బాలురైనను, ఏ పక్షమువారైనను, వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింపవలెనని సంపాదకవర్గమును కోరుచున్నాము.